తొమ్మిది పాయింట్ ఎనిమిది

ల్యాబ్ రికార్డు మీద ఎర్ర సిరాతో "భేష్" అని ఉంది. ఆ మాట కంటబడ్డప్పుడల్లా ఆమెకు చెవులు వేడెక్కుతున్నాయి.

లోలకం ప్రయోగం. దారానికి కట్టిన ఇత్తడి గుండును ఊపి, ఇరవై ఊపులకు పట్టే కాలం కొలిచి, భూమ్యాకర్షణ విలువ కట్టాలి. తొమ్మిది పాయింట్ ఎనిమిది రావాలని ఫిజిక్స్ డిగ్రీలో చేరిన ఎవరికైనా తెలుసు. అందుకే ఆమె గుండును ముట్టుకోలేదు. జవాబు దగ్గర మొదలెట్టి వెనక్కి లెక్కేసి కొలతలు పుట్టించింది. నమ్మకం కోసం అక్కడక్కడా చిన్న తేడాలు చల్లింది. పావుగంట పని.

అదే బల్ల మీద చేసే స్నేహితురాలిని క్లాసంతా నత్త అంటుంది. ఆలస్యంగా వచ్చిన నత్తతో, నాది అయిపోయిందే అనేసింది. నత్త మధ్యాహ్నమంతా ఊపులు లెక్కపెడితే తొమ్మిది పాయింట్ మూడు వచ్చింది. మేడం మళ్లీ చెయ్యమంది. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. పక్కనున్న పిల్లను చూసి నేర్చుకోమని మేడం అందరి ముందూ అంటే, పక్కనున్న పిల్ల రికార్డులో తల దూర్చింది. వేసవిలో పరిశోధనశాలలో పనిచేసే ఒకే ఒక్క సీటు ఈ మార్కులను బట్టే ఇస్తారు. నోరు విప్పితే గోవిందా.

నాలుగోసారి మేడం స్వయంగా వచ్చింది. తన ఫోనూ బల్ల మీది స్టాప్‌వాచీ ఒకేసారి నొక్కింది. నిమిషం తిరిగేసరికి వాచీ ఒకటిన్నర సెకను ముందుంది.

"ఈ వాచీతో తొమ్మిది పాయింట్ మూడే రావాలి. మరి నీకెలా తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చిందమ్మా?" అంటూ మేడం ఆమె వైపు తిరిగింది.

నత్తే అడ్డుపడింది. "ఆ రోజు పక్క బల్ల వాచీ తీసుకునుంటుంది మేడం."

నత్త నిజంగానే అలా నమ్ముతోంది. తిట్టినా ఇంతగా గుచ్చుకునేది కాదు. తల ఊపితే చాలు, సీటు దక్కుతుంది.

"ఏ వాచీ వాడలేదు మేడం. అసలు ప్రయోగమే చెయ్యలేదు."

మేడం కేకలెయ్యలేదు. "భేష్"ను అడ్డంగా కొట్టేసింది. సీటు జాబితా తీసి అందులోనూ ఒక పేరు కొట్టేసింది. మొదటినుంచి చెయ్యమని వాచీ ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆమె గుండును పక్కకు లాగింది. మూడేళ్ల చదువు. ఊపు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. గుండును వదలకుండా నత్త వైపు చూసింది.

"మధ్యలో దాటేటప్పుడు నొక్కవే," అంది నత్త, గుండు మీంచి చూపు తిప్పకుండా. "ముందు సున్నా అను. ఒకటితో మొదలెడితే ఒక ఊపు ఎగిరిపోతుంది."

"సున్నా," అంది ఆమె.