ఏడవని పిల్ల

"ఇదిగో, నీ కూతురు మొదలెట్టింది," అంటూ చిన్నదాన్ని నా చంకలో పడేశారు మా ఆయన. నవ్వినంతసేపూ ఆయన కూతురే, రాగం తీయగానే నా కూతురైపోతుంది. కవలలిద్దరికీ నాలుగో ఏడు నడుస్తోంది. పెద్దది కూర్చోబెట్టినచోట బొమ్మలా కూర్చుని కబుర్లు చెబుతుంది. చిన్నదానికి మిక్సీ చప్పుడు పడదు, కొత్త గౌను పడదు, తల దువ్వబోతే ఇల్లు ఎగిరిపోతుంది. అందుకే పెద్దది ఆయన భుజాలెక్కి వీధులన్నీ తిరుగుతుంది. చూసినవాళ్ళు, "పిల్లల్ని ఇంతలా చూసుకునే మగాడు ఎక్కడుంటాడమ్మా? అదృష్టవంతురాలివి," అంటారు. పిల్లల్ని కాదండీ, పిల్లని, అని నోటిదాకా వస్తుంది. "వాడికి చిన్నప్పట్నుంచీ ఏడుపు గిట్టదు," అంటారు అత్తగారు. నాకేదో గిట్టినట్టు!

ఆ రోజు ఆయనకు సెలవు. పెద్దదాన్ని తోడుగా ఇంట్లో ఉంచుకుని, చిన్నదాన్ని మాత్రం బడికి పంపమన్నారు. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో ఒక పెద్దాయనకి అద్దాలు సరిచూస్తుండగా బడి నుంచి ఫోను. చిన్నది గుక్కపట్టి ఏడుస్తోందట, ఎవరికీ లొంగడం లేదట. ఆయనకి చేశాను. "నేనెళ్తే ఇంకా రెచ్చిపోతుంది. దాని కిటుకులు నీకే తెలుసు," అన్నారు. నాకు మాత్రం ఎవరు నేర్పారు? దానిచేత తన్నులు తిని, నిద్రలు చెడి నేర్చుకున్నాను. బ్యాగు అందుకుంటుంటే యజమాని, "మీ ఇంట్లో మగాళ్ళు లేరామ్మా? వెళ్తే వెళ్ళండి. ఇక రేపట్నుంచి రానక్కర్లేదు," అన్నాడు.

వెళ్ళాను.

గొంతు బొంగురుపోయిన పిల్లని భుజాన వేసుకుని ఇల్లు చేరేసరికి ఆయన టీవీ ముందున్నారు, పెద్దది ఆయన ఒళ్ళో. నన్ను చూసి నవ్వింది. కుడిచెయ్యి మాత్రం గౌను మడతల్లో దాచుకుంది. తీసి చూస్తే చూపుడువేలు ఉబ్బిపోయి ఉంది, గోరు నల్లబడింది.

"సొరుగులో నలిగింది," అన్నారాయన చూపు తిప్పకుండానే. "కిక్కురుమనలేదు, తెలుసా? బంగారం!"

"నొప్పి లేదా తల్లీ?"

అది నా చెవి దగ్గరికొచ్చింది. "చాలా ఉందమ్మా. ఏడిస్తే నాన్న దించేస్తారుగా."

ఉద్యోగం పోయిందన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. మూడేళ్ళు నిండిన పిల్ల, ఒడిలో చోటు కోసం నొప్పి మింగుతోంది. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ నేను చేస్తున్న పని అదే. ఎవరూ చెప్పకుండానే నా నుంచి పట్టేసింది.

"ఏడువమ్మా," అన్నాను. "గట్టిగా ఏడువు."

అది ముందు వాళ్ళ నాన్న మొహం చూసింది. పెదవి వణికింది. తర్వాత కట్ట తెగినట్టు ఏడ్చింది. దాన్ని చూసి చిన్నదీ అందుకుంది.

"బాగుంది! ఉన్న ఒక్కదాన్నీ చెడగొట్టు," అంటూ ఆయన లేవబోయారు.

లేవకముందే ఇద్దరినీ ఆయన ఒళ్ళో కూర్చోబెట్టాను. గిన్నెలో ఐసు ముక్కలు తెచ్చి ఆయన చేతికిచ్చాను. వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"వీళ్ళనేం చెయ్యమంటావు?" అని ఆ ఏడుపుల మీంచి అరిచారు.

"నాకూ తెలీదు," అన్నాను. "ఇన్నాళ్ళూ తెలీకుండానే చేశాను."