తమ్ముని దిక్కు గోడ

తూంకుంటలో ఇల్లు కట్టినప్పుడు సత్తయ్య తన తమ్ముడు బాలమల్లు జాగా వైపు అడుగు కూడా వదల్లేదు. తమ్ముడు వద్దన్నా సెల్లార్ గోడ సరిగ్గా హద్దు మీదే లేపాడు. ఆ గొడవతో అన్నదమ్ములకు మాటలు బందయ్యాయి.

సెల్లార్‌లో సత్తయ్య భార్య పద్మమ్మ టైలరింగ్ సెంటర్ నడిపేది. రెండో వానాకాలానికే తమ్ముడి వైపు గోడకు చెమ్మెక్కింది. తెల్లగా ఉప్పు పొంగింది. రంగు పొక్కులు కట్టి రాలింది. సత్తయ్య గోడంతా గీకించి, నీరు ఊరకుండా మందు కలిపిన సిమెంటు పూత వేయించాడు. మళ్లీ వానలు పడగానే అదీ పెచ్చులుగా ఊడింది. ఒక పెళ్లికూతురి పట్టుచీరకు మచ్చలు పడ్డాక పద్మమ్మ మిషన్లన్నీ పైకి చేర్చి, సెల్లార్‌కు తాళం వేసింది.

పేట్ బషీరాబాద్ నుంచి వచ్చిన మేస్త్రీ యాదగిరి గోడను తట్టి చూశాడు.

"లోపల ఎన్ని పూతలేసినా ఆగదు పటేలా. నీళ్లు బయట నుంచి గోడను నూకుతున్నయ్. అవతల పునాది దాంక తవ్వి, గోడ ఆరినంక మందు పూసి నీళ్లు దిగని షీట్ అతికియ్యాలె."

"అవతల మా తమ్మునిది."

"అయితే అడుగుండ్రి."

సత్తయ్య అడగలేదు. వానలు తగ్గిపోయాయి. చివరికి పద్మమ్మే, "నువ్వు పోతవా, నన్ను పొమ్మంటవా?" అంది. ఆ సాయంత్రం ఆయన తమ్ముడి గేటు తీశాడు.

బాలమల్లు నిలబడే విన్నాడు.

"హద్దు మీద కట్టకుమని జెప్పిన. ఇన్నవా?"

"ఇనలే."

"ఇప్పుడు నా జాగ తవ్వుతనంటవ్."

"పని అయినంక పూడ్పిచ్చి చదును జేయిస్త."

"సరే, తవ్వుకో," అని బాలమల్లు లోపలికి వెళ్లిపోయాడు.

తవ్వుతుంటే గోడ పక్కనే బాలమల్లు బాత్రూం నీళ్లు ఇంకే గుంత బయటపడింది. దాని సిమెంటు రింగు పగిలి, వాననీళ్లకు తోడు మురికినీళ్లు కూడా ఇన్నాళ్లూ గోడకే చేరుతున్నాయి. యాదగిరి పని ఆపి, పక్కనే నిలబడ్డ అన్నదమ్ములిద్దరి ముఖాలూ చూశాడు. బాలమల్లు తల వంచుకున్నాడు.

"నాకు తెల్వదన్నా," అన్నాడు.

సత్తయ్య వంగి పగిలిన రింగును చూశాడు. "మేస్త్రీ, గీ గుంతను అటు దూరంగ జరుపు. కొత్త రింగులు తెప్పియ్యి," అన్నాడు.

గోడ ఆరడానికి చాలా రోజులు పట్టింది. ఉప్పును బ్రష్‌తో రాలగొట్టి, పూత మీద పూత వేసి, షీట్ అతికించి, మట్టి పూడ్చారు. ఆ తర్వాతి వానాకాలం మెట్ల దగ్గర ఒక మూల తప్ప గోడ పొడిగానే ఉంది. పద్మమ్మ మిషన్లు కిందికి దింపింది.

అన్నదమ్ములు ఇప్పటికీ ఒకరింట్లో ఒకరు కూర్చోరు. ఎవరి బోరు మోటారైనా చెడిపోతే మాత్రం ప్రహరీ మీదుగా సాయానికి పిలుచుకుంటారు.