ప్రతాప్ సార్

మిక్సీలో పచ్చడి రుబ్బుతూనే శోభారాణి ఫోను చూసుకుంది. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో కొత్తగా చేరినవాళ్ళకి స్వాగతం చెప్పాకే తెనాలిలో తను పాఠాలు చెప్పే బడికి బయల్దేరడం ఆమెకి అలవాటు.

"ముక్కూ మొహం తెలీనివాళ్ళకి ఈ సేవలేంటో! ముందు నా టిఫిన్ సంగతి చూడు," అన్నాడు ఆమె భర్త ప్రతాప్.

చర్చిలో ఎవరైనా "మీరు రాసినవి చదివామండి" అంటే మాత్రం నవ్వి ఊరుకుంటాడు. ఖాతా అతని పేరు మీదే ఉంది మరి. ఎప్పుడో బాపట్లలో ఆ సర్వస్వంలో రాయడం మీద శిక్షణ పెడితే వెళ్ళి, ఖాతా తెరిచి, భోంచేసి వచ్చేశాడు. మళ్ళీ అటు చూడలేదు. అందులో వందల పేజీలు రాసిందీ, కొత్తవాళ్ళ తప్పులు ఓపిగ్గా దిద్దిందీ శోభారాణి. తన పేరుతో రాస్తానని ఒకసారి అడిగితే, "ఎవరి పేరైతే ఏంటి, మనిద్దరం ఒకటేగా!" అన్నాడు. అంత ప్రేమగా అన్నాడని ఆమె అతని పేరుతోనే రాస్తూ వచ్చింది. ఇద్దరూ ఒకటే అయినప్పుడు ఆ ఒకటీ ఎప్పుడూ ప్రతాపే ఎందుకవుతాడని మాత్రం బట్టలు ఆరేస్తూ చాలాసార్లు అనుకుంది.

నిజాంపట్నం నుంచి వీణ అనే అమ్మాయి ఎండుచేపల మీద పేజీ మొదలుపెట్టింది. ఆడవాళ్ళు చేపలు ఏరడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, కాకుల్ని తోలడం అన్నీ రాసింది. మరో సభ్యుడు "ఆధారాలు లేవు" అని మొత్తం తీసేశాడు. కింద చర్చలో వీణ జవాబు ఒక్కటే మిగిలింది. "సారీ సార్. నాకు చేతకాదులెండి. ఇంక రాయను."

శోభారాణి మిక్సీ ఆపేసింది. కాపురానికొచ్చిన కొత్తలో తను పెట్టిన పులుసుని అత్తగారు మాటైనా అనకుండా పక్కకి నెట్టేసిన రోజు గుర్తొచ్చింది. ఉప్పు కాస్త ఎక్కువైందమ్మా, అంతే అని ఎవరైనా అంటే ఎంత బాగుండేదో!

"బాగా రాశావమ్మా. దీని గురించి పేపర్లో వచ్చినవి చూపిస్తే పేజీ నిలబడుతుంది. నువ్వు రాసింది ఎక్కడికీ పోలేదు, పేజీ చరిత్రలో భద్రంగానే ఉంది. ఇద్దరం కలిసి చేద్దాం, నంబరు మెయిల్ చేస్తాను, ఫోన్ చెయ్యి," అని రాసింది.

కాసేపటికి జవాబొచ్చింది. "థాంక్స్ ప్రతాప్ సార్. మగవాళ్ళతో ఫోన్లో మాట్లాడితే మా ఇంట్లో ఊరుకోరండి. వదిలేస్తాను సార్."

శోభారాణి పీట లాక్కుని కూర్చుంది. తర్వాత కొత్త ఖాతా తెరిచి, తన పేరు టైపు చేసింది.

"నేను సార్‌ని కాదు వీణా. శోభారాణిని. ఇన్నాళ్ళూ ఆ పేరుతో రాసింది నేనే."

నంబరు మెయిల్ చేసిన కాసేపటికే ఫోన్ మోగింది. "అక్కా, నిజంగా మీరేనా?" అటు గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

ఆదివారానికి రెండు పత్రికల ఆధారాలతో పేజీ మళ్ళీ నిలబడింది. ముందు తీసేసిన సభ్యుడే "ఇప్పుడు బాగుంది" అని రాశాడు.

ప్రతాప్‌కి విషయం తెలిసి మొహం చిన్నబోయింది. "అంత పేరొచ్చాక మళ్ళీ మొదట్నించా? శోభారాణి అంటే అక్కడెవరికి తెలుసు?"

"కొత్తగా వచ్చాను కదండీ," అందామె నెమ్మదిగా. "మెల్లగా తెలుస్తుంది."