రంగు పోని జాగా

నేను ఒక బడి బెంచీని. మద్దిచెక్కని చిత్రిక పట్టి నన్ను చేసిన వడ్రంగి, ఆకుపచ్చ రంగు దట్టంగా పూసి, ఎండలో ఆరబెట్టి, తానే ఒకసారి కూర్చుని చూసుకుని, హైస్కూల్లో ఆరో తరగతికి పంపాడు. పిల్లల్లో బరువు తేడా తప్ప మరే తేడా నాకు తెలియదు. అందుకే మొదట్లో కాస్త గర్వపడేదాన్ని. మనుషులు సమానత్వం అని గోడ మీద రాసి ఊరుకుంటారు, నేనైతే మోసి చూపిస్తున్నాను అనుకునేదాన్ని. ఎంత వెర్రిదాన్నో!

ఆ ఏడు నా మీద హిమజ, సువార్త పక్కపక్కన కూర్చునేవాళ్ళు. బడి తెరిచిన రోజే ఇద్దరూ అతుక్కుపోయారు. ఒకే జామకాయని చెరో కొరుకూ కొరుక్కుని, పాఠం జరుగుతుంటే కాళ్ళూపుకుంటూ కిసుక్కున నవ్వుకునేవాళ్ళు. వాళ్ళ మధ్య చీమ దూరేందుకు కూడా సందు ఉండేది కాదు.

జులైలో ఒకనాడు క్లాసు టీచరు భానుమూర్తి మాస్టారు కాగితాల కట్టతో వచ్చారు. ఆయన మంచివారు. ఏ పిల్లనీ చెయ్యెత్తి కొట్టి ఎరగరు.

"ఎస్సీ పిల్లలు లేచి నిలబడండమ్మా. స్కాలర్‌షిప్పు కాగితాలొచ్చాయి, ఎవరూ మిస్సవకూడదు," అన్నారు, ఎంతో ప్రేమగా.

బెంచీలు కిర్రుమన్నాయి. సువార్త నా అంచుని గట్టిగా పట్టుకుని లేచింది. హిమజ తలెత్తి చూసి, "నువ్వు కూడానా?" అంది. ఆ మాటలో ఆశ్చర్యం తప్ప మరేం లేదు.

మర్నాడు హిమజ తమ ఇద్దరి మధ్యా పుస్తకాల సంచి పెట్టింది. "మా నానమ్మ జరిగి కూర్చోమందే," అంది, మొహం చిన్నబుచ్చుకుని. సువార్త తనూ ఇంకాస్త జరిగింది.

కొన్నాళ్ళకి ఆ సంచి మాస్టారి కంట పడింది. "సంచి కింద పెట్టమ్మా హిమజా, ఇరుగ్గా లేదూ?" అన్నారు.

"ఉండనివ్వండి మాస్టారూ, నాకిలాగే బావుంది," అంది సువార్తే.

ఆడపిల్లల అలకలే అనుకుని ఆయన నవ్వి, పాఠంలో పడ్డారు. మనుషులంతా ఒక్కటే అన్నది ఆ పూట పాఠం. ఆ ఖాళీ ఉన్నది నా వీపు మీద. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత ఏటా జులై వచ్చింది. అదే ప్రేమ, అదే పిలుపు, అదే కిర్రుమనే చప్పుడు. మర్నాటికల్లా నా మీద ఎవరి మధ్యనో ఒక సంచి. కూర్చునే పిల్లలు మారారు గానీ సంచి చోటు మారలేదు.

నా కాలొకటి ఊగిసలాడటం మొదలెట్టాక కొత్త బెంచీలు తెప్పించి, నన్ను పాతసామాన్లవాడికి అమ్మేశారు. ట్రాలీ వచ్చేదాకా వరండాలో పడేశారు. జుట్టు నెరిసిన భానుమూర్తి మాస్టారు, ఒళ్ళో స్కాలర్‌షిప్పు కాగితాలతో, గంట కొట్టేదాకా నా మీదే కూర్చున్నారు. ఆయన చెయ్యి ఊరికే నన్ను నిమురుతోంది. అంతటా రంగు పోయి చెక్క నున్నగా ఉంది. నడుమ జానెడు మేర మాత్రం ఆకుపచ్చ రంగు గరుగ్గా తగిలింది. చెయ్యి ఆగిపోయింది.

"సంచి..." అన్నారు తనలో తాను. ఆ పచ్చ మీదే చెయ్యుంచి, "సువార్తా, అది అలక కాదు కదమ్మా," అన్నారు. తలెత్తలేకపోయారు. ఇన్నేళ్ళూ ఒంటరిగా మోసిన సిగ్గులో నాకు తోడు దొరికింది. అదేం సంతోషించే తోడు కాదు.

గంట కొట్టారు. ఆయన క్లాసులోకి వెళ్ళారు. కూలీలు నన్ను ట్రాలీ ఎక్కిస్తుంటే కిటికీలోంచి ఆయన గొంతు వినిపించింది.

"అందరూ తలో కాగితం తీసుకోండర్రా. ఇంట్లో చూపించండి. అవసరమైనవాళ్ళు నింపుకొచ్చి స్టాఫ్‌రూంలో నాకివ్వండి. ఎవరూ లేవక్కర్లేదు."

చెవులు రిక్కించాను. ఆ గదిలో ఒక్క బెంచీ కూడా కిర్రుమనలేదు. ఆ నిశ్శబ్దం సువార్త వినాల్సింది. విన్నది నేను.