అంకిత వీరుడికి ఒక్కటే ప్రాణం

మా మనవరాలు అంకిత ఫోనులో ఆడే ఆటలో మనిషి చచ్చినా మళ్లీ లేస్తాడు. అట్లయితే మజా లేదని, ఒక్కసారి చస్తే ఆటంతా చెరిపేయాలని తనకు తనే నియమం పెట్టుకుంది. బోధన్‌లో మా పక్కింటి షాజియా దానికి సాక్షి. తర్వాత సిగ్నల్ పోయి చస్తే లెక్కలేదని, అమ్మ పిలిచినప్పుడు చస్తే లెక్కలేదని, తుమ్మినప్పుడు చస్తే లెక్కలేదని కాగితం నిండా రాసుకుంది. అట్లా ఆరుసార్లు చచ్చి కూడా ఆ మనిషి నలభై రోజులుగా బతికే ఉన్నాడు.

నిన్న తలుపు తీయడానికి పోతూ అంకిత ఫోను నా చేతికిచ్చింది. చూద్దును కదా, వాడి ఆకలి గీత ఎర్రబడుతోంది. ఆకలిగొన్నవాణ్ణి చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. వాడి సంచిలో ఎర్రవీ తెల్లవీ పుట్టగొడుగులున్నాయి. మా పుట్టినూరు వర్నిలో పొలం గట్ల మీద మేము ఏరుకు తిన్నవి తెల్లవే కాబట్టి తెల్లది నొక్కాను. వాడు అక్కడే పడిపోయాడు.

అప్పుడే షాజియాను వెంటబెట్టుకొచ్చిన అంకిత మొహం పాలిపోయింది. "ఏం జేసినవ్ అవ్వా? దీంట్ల తెల్లదే విషం."

"నాకేం ఎర్క బిడ్డా? మా వర్నిల కూరొండుకుంటుంటిమి."

షాజియా కాగితమంతా చదివింది. "అవ్వ సంపితే లెక్కలేదని ఇండ్ల లేదు. చెరిపెయ్."

"ఆగు, ఇప్పుడు రాస్త."

"సచ్చినంక రాసుడేంది? తుమ్ము గూడ గట్లనే రాసినవ్."

అంకిత కళ్లు తుడుచుకుని, నలభై రోజుల మనిషిని చెరిపేసింది. పాత కాగితం చించి, కొత్తదాని మీద ఒక్కటే నియమం రాసింది: అవ్వకు ఫోను ఇవ్వరాదు. చావు గురించి అందులో ఒక్క మాటా లేదు.