పెద్ద గడిలోని అంకె

ఉత్తరం వచ్చేసరికి జిగురక్క చేతులు ఖాళీగా లేవు. పగిలిన ఫిడేలు పొట్టను రెండు అరచేతుల మధ్య అదిమి పట్టుకొని, పెదవులమీద అంకెలు లెక్కపెట్టుకొంటోంది. వేడి జిగురు చెక్కను పట్టుకోవాలంటే మూడు వందలు లెక్కించాలి. ఆలోగా పైకప్పు కూలినా చేతులు తీయకూడదు. తండ్రి నేర్పిన పని అది, తండ్రి నేర్పిన లెక్క అది. ఆ పనివల్లనే ఆమె అసలు పేరు వీధివాళ్ళ నోట అరిగి మాయమై, జిగురక్క మిగిలింది.

"సంతకం కావాలక్కా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ పోస్టుమాన్.

"ముక్కుతో పెట్టమంటావా? ఆగు, నూట ఎనభైలో ఉన్నాను."

అతను ఆగాడు. ఆమె మూడు వందలు ముగించి, బిగింపులు వేసి, చేతులు తుడుచుకొని సంతకం పెట్టింది. వేళ్ళకు మిగిలిన జిగురుకు కవరు అంటుకొంది. విడిపించుకొనేసరికి ఒక మూల చిరిగింది. లోపలినుంచి ఆదాయపు పన్ను కార్యాలయంవారి ముద్ర తొంగిచూసింది.

చదివింది. మళ్ళీ చదివింది. గత సంవత్సరంలో ఆమె సంపాదన కోటీ ముప్పైనాలుగు లక్షలట. చూపించినది లక్షా తొంభైవేలేనట. పన్ను, వడ్డీ, జరిమానా కలిపి నలభై ఒక్క లక్షలు కట్టాలట. ముప్పై రోజుల్లో కట్టకపోతే దుకాణాన్నీ అందులోని సరుకునూ జప్తు చేస్తారట.

నలభై ఒక్క లక్షలు ఆమెకు అంతగా తగల్లేదు. అంత పెద్ద అంకె మనిషికి తగలదు, తలమీదుగా పోతుంది. 'అందులోని సరుకు' అన్నచోట మాత్రం గుండె గుభేలుమంది. ఆమె తలెత్తి గోడవైపు చూసింది. కొక్కేలకు పదహారు ఫిడేళ్ళు, బల్లమీద బిగింపుల మధ్య పదిహేడోది. అందులో ఒక్కటీ తనది కాదు.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. అతను పక్క వీధిలో మందుల దుకాణంలో పనిచేస్తాడు. అక్క కాగితాల వ్యవహారమంతా అతనిదే. ఉత్తరం చదివి కళ్ళు తేలేశాడు.

"కోటీశ్వరురాలివని ఇన్నాళ్ళూ ఒక్కమాటైనా చెప్పలేదేమే అక్కా? నేను పరాయివాణ్ణా?"

"నవ్వకురా. సరుకు జప్తు అన్నారు చూడు."

"నవ్వకపోతే ఏడవాలి మరి. ఉండు, చూడనీ."

చూశాడు. అర్థమయ్యాక అరచేత్తో నుదురు కొట్టుకొన్నాడు. ఆరు నెలల కిందట తనిఖీ కోసమని ఆ కార్యాలయం రసీదుల నకళ్ళు అడిగింది. రెండు వందల పన్నెండు రసీదులు అతనే పంపాడు. వాటిలో ఉన్నది ఉన్నట్టు చదివి ఉంటే చిక్కే లేదు. కాని ఆ రసీదులు అందరి రసీదుల్లాంటివి కావు.

తండ్రి పెట్టిన పద్ధతి ఇది. బాగుకు వచ్చిన ఫిడేలును చేతిలోకి తీసుకొనేముందు సొంతదారును అడగాలి: దీని విలువ ఎంత? వాళ్ళు ఎంత చెబితే అంత, రసీదు నడిమధ్యన ఉన్న పెద్ద గడిలో రాయాలి. బేరమాడకూడదు, నవ్వకూడదు. ఈ వస్తువు నా దగ్గర పోయినా, కాలినా, విరిగినా అంతా ఇచ్చుకొంటానని దాని కింద సంతకం పెట్టాలి. కూలి రాసేది అట్టడుగున, ఒక మూల, గోరంత గడిలో. రసీదులో ఒక సగం సొంతదారుకు, ఒక సగం దుకాణానికి. వస్తువు తిరిగి ఇచ్చిన రోజున ఆ రెండు సగాలనూ కలిపి, సొంతదారు కళ్ళెదుటే చించివేయాలి. దుకాణంలో మిగిలేది పుస్తకంలోని నకలు ఒక్కటే.

కార్యాలయంలో ఎవరో రెండు వందల పన్నెండు పెద్ద గళ్ళనూ కూడి, వచ్చిన మొత్తాన్ని జిగురక్క సంపాదన అన్నారు.

"అయినా కోటి ఎలా అయిందే? మన వీధిలో ఎంతమంచి ఫిడేలైనా యాభైవేలు దాటదే," అంటూ తమ్ముడు నకళ్ళు తిరగేశాడు. ఒకచోట వేలు ఆగిపోయింది. "ఇదేమిటి? ఒక్క ఫిడేలు కోటా? ఎవడే ఈ మహారాజు?"

"బస్సు డ్రైవరు."

ఆమెకు ఆ రోజు బాగా గుర్తుంది. ఏడాది దాటింది. ఖాకీ చొక్కా మనిషి, మెడ విరిగి పొట్ట చీలిన ఫిడేలును దుప్పటిలో చుట్టి, ఒంట్లో బాగాలేని బిడ్డను ఎత్తుకొచ్చినట్టు తెచ్చాడు. విలువ ఎంతండీ అని అడిగితే, "మా ఆవిడ వాయించేదండీ. ఆవిడ పోయి రెండేళ్ళు," అన్నాడు. ఏదో ఒక అంకె చెప్పాలండీ అంటే, పైకప్పు వంక చాలాసేపు చూశాడు. "కోటి రాయండి. తక్కువ రాస్తే మా ఆవిడ ఊరుకోదు." ఆమె నవ్వలేదు. ఒకటి వేసి, ఏడు సున్నాలు చుట్టి, కింద సంతకం పెట్టింది. అతుకుకు సరిపడే పాత చెక్క దొరికేసరికి ఏడాది పట్టింది. ఇవాళ బిగింపుల మధ్య ఆరుతున్నది ఆ ఫిడేలే.

తమ్ముడు కాగితం తీసి గబగబా ఒక జవాబు రాశాడు. "విను. 'పెద్ద గడిలోని అంకెలు అలవాటుకొద్దీ రాసినవి. వాటికి ఏ అర్థమూ లేదు, వాటికి నేను బాధ్యురాలిని కాను.' సంతకం పెట్టు, పీడా విరగడైపోతుంది."

ఆమె దానిని మడిచి సంచిలో పెట్టుకొంది. సంతకం మాత్రం పెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వెళితే చేతికి ఎనభై ఆరో నంబరు టోకెను వచ్చింది. పొడుగాటి గదిలో వరసగా కిటికీలు. ఒక కిటికీవారు ఇది మాది కాదు, నాలుగోది అన్నారు. నాలుగోవారు తొమ్మిది అన్నారు. తొమ్మిదో కిటికీలోని గుమస్తా భోజనానికి లేవబోతూ ఉత్తరం అందుకొని, అంకె చూసి, మళ్ళీ కూర్చొన్నాడు.

"ఏం వ్యాపారమమ్మా మీది?"

"ఫిడేళ్ళకు జిగురు పెడతానండీ."

అతను ఆమె చెప్పులవంక ఒకసారి, అంకెవంక ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా ఆఫీసరు గదికి దారి చూపాడు.

ఆఫీసరుది రిటైరవడానికి దగ్గరపడిన వయసు. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకొని, రసీదుల నకళ్ళు ఒక్కొక్కటే ఓపిగ్గా చూశాడు. కూలి గళ్ళు తానే కూడాడు. లక్షా తొంభైవేలకు సరిగ్గా వచ్చింది.

"తప్పు మావాళ్ళదే అనిపిస్తోందమ్మా. పెద్ద అంకె కనబడితే దాన్నే ఎక్కించేసినట్టున్నారు. కాని నాకు అనిపిస్తే చాలదు, కంప్యూటరులో కారణం రాయాలి. ఈ పెద్ద అంకెలు ఉత్తవని మీరు రాసిస్తే ఇవాళే సరిచేస్తాను."

సంచిలో తమ్ముడి కాగితం ఉంది. బల్లమీద ఆఫీసరు కలం ఉంది. ఆమె కాగితం తీసి పరిచింది, కలం చేతిలోకి తీసుకొంది. పెద్ద గడి కింద రెండు వందల పన్నెండు సార్లు పెట్టిన సంతకమే ఇక్కడా పెట్టాలి. పెడితే దుకాణం దక్కుతుంది. పెట్టకపోతే ముప్పై రోజుల్లో ఎవరో వచ్చి కొక్కేలనుంచి ఫిడేళ్ళను దింపుకొనిపోతారు. ఆమె కలం కిందపెట్టింది.

"ఉత్తవి కావండీ."

"ఏమిటీ?"

"ఆ అంకెలు. ఉత్తవి కావు. నిజంగానే రాశాను."

ఆఫీసరు కళ్ళజోడు కిందికి దించాడు. "అంటే ఆ కోటి మీకు వచ్చిందా?"

"రాలేదండీ. ఆ ఫిడేలుకు ఏమైనా అయితే నేనే ఇవ్వాలి."

"కోటి ఇస్తారా మీరు?"

"ఇవ్వలేనండీ," అంది ఆమె. "కాని ఇవ్వాలి."

ఆఫీసరు ఆ రసీదును మళ్ళీ తీసుకొని, గడి కింద చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యాన్ని మొదటిసారి చదివాడు. పెదవులు కదిపి ఇంకోసారి చదివాడు.

"చూశారా మావాళ్ళ నిర్వాకం? మీ నెత్తిమీది బరువును మీ జేబులోని డబ్బుగా ఎక్కించారు," అన్నాడు మెల్లగా. "అయితే కారణం దొరికింది. ఇది ఆదాయం కాదు, మీరు పడ్డ పూచీ. కాని ఇంత పెద్ద అంకె కదా, మీ ఒక్కరి మాటమీద పోనిస్తే పైవాళ్ళు నా మెడ పట్టుకొంటారు. ఆ సొంతదారును తీసుకురండి. ఆయన దగ్గరున్న సగం రసీదు కూడా. పదిరోజుల్లో."

డ్రైవరు ఇల్లు ఆమెకు తెలియదు. అతని బస్సు నంబరు తెలుసు. స్టాపులో నిలబడి మూడు బస్సులు వదిలాక అతనిది వచ్చింది. ఎక్కి అతని సీటు వెనకే నిలబడి, కండక్టరు అరుపుల మధ్య, మలుపుల కుదుపుల మధ్య సంగతంతా చెప్పింది.

"అయ్యయ్యో చెల్లెమ్మా," అన్నాడు అతను, అద్దంలో ఆమెను చూస్తూ. "నా నోటిదూలవల్ల నీ దుకాణం మీదికి వచ్చిందా? ఆ సున్నాలన్నీ కొట్టెయ్. వెయ్యి అని రాసుకో."

"మీ ఆవిడ ఊరుకోదన్నారుగా?"

ఎర్రదీపం దగ్గర బస్సు ఆగింది. స్టీరింగుమీద అతని వేళ్ళు ఏదో వరస వాయిస్తున్నట్టు కదిలాయి.

"ఊరుకోదు," అన్నాడు చివరికి. "అలా అన్నానే గాని, నువ్వు నిజంగా రాస్తావనుకోలేదు. రసీదు ఇంటికి తీసుకెళ్ళి ఆవిడ ఫోటో వెనక పెట్టాను. రేపు రెండు ట్రిప్పుల మధ్య నలభై నిమిషాలుంటుంది. చాలా?"

"చాలన్నా."

"ఓ అక్కయ్యా! ముచ్చట్లయితే టికెట్ తీసుకో!" అన్నాడు కండక్టరు వెనకనుంచి. ఆమె తీసుకొంది.

మర్నాడు డ్రైవరు యూనిఫారంలోనే వచ్చాడు. టోకెను లేకుండా లోపలికి పోతున్నాడని గుమస్తా ఒంటికాలిమీద లేచాడు. "నాకోసం యాభైమంది స్టాపుల్లో ఎదురుచూస్తారండీ, మీకు పుణ్యముంటుంది," అని బతిమాలి ఇద్దరూ గదిలోకి వచ్చారు. డ్రైవరు చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, మోచేత్తో సాపుచేసి, బల్లమీద పెట్టాడు. ఆఫీసరు దానిని నకలు పక్కన పెట్టి చూశాడు. అంకె ఒకటే, సంతకం ఒకటే.

"ఈవిడకు మీరు ఎంత ఇచ్చారు?"

"ఇంకా ఏమీ ఇవ్వలేదండీ. పనయ్యాక నాలుగు వందల యాభై ఇవ్వాలి."

"మరి ఈ కోటి?"

"అది ఈవిడ నాకు ఇవ్వాల్సిందండీ, ఫిడేలు పోతే. పోదులెండి. ఈవిడ దగ్గర పోదు."

ఆఫీసరు కంప్యూటరువైపు తిరిగి, రెండు వేళ్ళతో చాలాసేపు టైపు చేశాడు. తరువాత లేచి నిలబడి జిగురక్కకు ఆ సగం రసీదు రెండు చేతులతో అందించాడు. "జాగ్రత్తమ్మా," అన్నాడు.

పదిహేడు రోజులకు కొత్త ఉత్తరం వచ్చింది. నలభై ఒక్క లక్షలు రద్దయ్యాయి, జప్తు మాట కొట్టివేశారు. అడుగున ఒక్క పంక్తి: అంతకుముందటి ఏడాది లెక్కలో కూడిక తేడావల్ల ఇంకా పన్నెండు రూపాయలు కట్టాలి. ఆ కూడిక చేసినవాడు తమ్ముడు. వాడు మొహం వేలాడేసి, జేబులోంచి పన్నెండు తీసి అక్క చేతిలో పెట్టాడు.

"ఇకనైనా ఆ పెద్ద గడి తీసేసి కూలి గడి పెద్దది చెయ్యవే," అన్నాడు.

"పుస్తకాలు ఇంకా నాలుగున్నాయిరా. అయిపోనీ, చూద్దాం," అంది ఆమె. చూడదని ఇద్దరికీ తెలుసు.

ఆ వారమే డ్రైవరు వచ్చాడు. ఆమె ఫిడేలును దుప్పటిమీద పరిచింది. అతను అతుకుమీద బొటనవేలు నడిపించి, అతుకు ఎక్కడుందో వెతుక్కొని, తలూపాడు. అతనికి వాయించడం రాదు. ఒక్క తీగను మాత్రం గోటితో మీటి, అది ఆగేదాకా విన్నాడు. నాలుగు వందల యాభై లెక్కపెట్టి ఇచ్చాడు.

జిగురక్క రసీదు రెండు సగాలనూ కలిపి పట్టుకొని, చింపబోయి ఆగింది. "ఫోటో వెనక పెట్టుకుంటారా?" అంది.

అతను ఆలోచించాడు. "వద్దు చెల్లెమ్మా. ఫిడేలే వస్తోందిగా. చించెయ్. ఇన్నాళ్ళూ నీకు నిద్ర పట్టిందో లేదో."

ఆమె అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చించింది. డ్రైవరు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసింది. తరువాత లోపలికి వచ్చి జిగురు గిన్నె పొయ్యిమీద పెట్టి, గోడమీదినుంచి తరువాతి ఫిడేలును దింపింది. దాని రసీదులో పెద్ద గడిలో పన్నెండువేలని ఉంది. ఆమె దానినీ రెండు చేతులతోనే పట్టుకొంది.