నేరేడు కాలి గొలుసు

ఆ పొద్దున మబ్బు పట్టింది గానీ వాన పడలేదు. ఆదోని చుట్టుపక్కల అలాంటి మబ్బును ఎవరూ లెక్కచేయరు. నేను గుర్రం కాలికి చేరింది ఆ మబ్బు కిందే.

నేను ఒక గొలుసును. సన్నటి ఇనుప గొలుసును. రేకుల షెడ్డులో ఒక మిషను తీగను వంచి నన్ను చేసింది. గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. మొదట బస్టాండు దగ్గర చలివేంద్రంలో స్టీలు గ్లాసును స్తంభానికి కలుపుతూ నన్ను కట్టారు. నీళ్ళు ధర్మమే, గ్లాసు మాత్రం కాదు. ఎండలు తగ్గాక పందిరి పీకేశారు. గ్లాసును ఎవరో ఇంటికి పట్టుకుపోయారు. నన్ను పాత ఇనుము అంగడిలో పడేశారు.

అక్కడ నన్ను కొన్నవాడు ఖాదర్‌లింగ. వాళ్ళ నాయన జట్కా తోలేవాడు. జట్కాలు పోయినా ఇతనికి గుర్రం మీద మోజు పోలేదు. నేరేడు పండు రంగులో ఒక ఆడగుర్రాన్ని పెంచుతున్నాడు. దాని పేరూ నేరేడే. ఉరుసులో జరిగే నడక పందెంలో దాన్ని గెలిపించాలని అతని ఆశ.

ఆ పందెంలో పరుగు లేదు. రౌతు నిండు గ్లాసు నీళ్ళు చేత్తో పట్టుకుని కూర్చోవాలి. గుర్రం ముందుకాళ్ళు ఎత్తెత్తి వేస్తూ వడిగా నడవాలి. నీళ్ళు తొణకకూడదు. నేరేడుకు ఆ నడక తల్లి నుంచే వచ్చింది. నన్ను కట్టకముందే దాని నడక చూశాను. నేర్పాల్సిందేమీ లేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడం మనుషులకు ఎందుకు చేతకాదో నాకిప్పటికీ అర్థం కాదు.

గుర్రాలకు నడక నేర్పే బడేసా వచ్చి చూశాడు.

"నడక బాగుండాది లింగా. ఇంగొక జానెడు కాలెత్తితే దీని ముందర ఎవురూ నిలబడరు."

"ఎట్లెత్తుతాది?"

"ఎత్తకపోతే కాలుతాది. అట్లెత్తుతాది."

చాకలివాళ్ళు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి రసం తెచ్చాడు. ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది. దాన్ని నేరేడు ముందుకాళ్ళకు, గిట్టల పైన పూశాడు. నన్ను రెండు ముక్కలు చేసి ఆ బొబ్బల మీద వదులుగా కట్టాడు. అడుగు పడినప్పుడల్లా నేను పుండు మీద పడతాను. అది కాలు పైకి లాక్కుంటుంది. చూసినవాళ్ళు ఏం ఠీవి అన్నారు. నిప్పు తొక్కినవాడూ అలాగే కాలెత్తుతాడు. వాణ్ణి చూసి ఠీవి అని ఎవరూ అనరు.

పందెం పెద్దలకు ఈ పని తెలుసు. అందుకే బరిలోకి వదిలే ముందు గిట్టల పైన బొటనవేలితో నొక్కి చూస్తారు. కాలు లాక్కున్న గుర్రాన్ని పంపేస్తారు. బడేసా దానికీ ఉపాయం చెప్పాడు. ఖాదర్‌లింగ వంగి పుండు నొక్కేవాడు. నేరేడు కాలు లాక్కుంటే బడేసా దాని మూతి మీద కర్రతో కొట్టేవాడు. కాలి నొప్పి కంటే మూతి దెబ్బ పెద్దదని అది తెలుసుకుంది. తర్వాత ఎంత నొక్కినా కదల్లేదు. "బుద్ధి వచ్చినాది," అన్నాడు బడేసా. బుద్ధి ఎవరికి రావాలో నేను చెప్పలేను, నాకు నోరు లేదు.

నన్ను విప్పేసి, పుండ్లు కనబడకుండా నూనె మసి పూసి, బరిలోకి తీసుకుపోయారు. పెద్దలు నొక్కారు. నేరేడు రాయిలా నిలబడింది. గెలిచింది. మెడలో దండ వేశారు.

కొన్నాళ్ళకు పుండ్లు పైకి మానాయి. నేరేడు మాత్రం పడుకుంటే లేవడం లేదు. లేపితే నిలబడుతుంది, మేత ముట్టదు. పశువుల డాక్టరమ్మ వచ్చింది. పాకలో మేకుకు వేలాడుతూ నేనంతా చూశాను. ఆమె ఒక్కొక్క గిట్టనూ పట్టుకారుతో నొక్కింది. నేరేడు కదల్లేదు.

"కాళ్ళల్లో నొప్పి లేదప్పా. ఉంటే లాక్కునేది. ఈ మచ్చలేంటివి?"

"గజ్జెలు ఒరుసుకున్నాయి మేడం."

"అయితే కడుపే అయ్యుంటాది," అని ఆమె సూది మందు తీసింది.

ఖాదర్‌లింగ భార్య ఉరుకుందమ్మ మొగుడి వైపు చూసింది. "చెప్పయ్యా."

అతను నేల చూశాడు.

"దొంగ గెలుపని ఎవురన్నా నవ్వితే నవ్వనీ. అది చస్తాంది. నువ్వు చెప్తావా, నేను చెప్పల్లా?"

అతను చెప్పాడు. రసం సంగతి, నా సంగతి, కర్ర సంగతి.

డాక్టరమ్మ సూది పక్కన పెట్టేసింది. "నొప్పి చెప్పుకోవడమొకటే దానికి చేతనయ్యేది. దాన్నీ కొట్టి మాన్పించినారు. ఇప్పుడు నేనెవుర్ని అడగల్లప్పా?"

గిట్టలన్నిటి మీదా అరచెయ్యి ఆనించి చూసింది. ఎడమ ముందుగిట్ట కాలుతోంది. అడుగున కోస్తే నల్లటి చీము కారింది.

"కాలు దక్కుతాదా మేడం?"

"చూడల్ల. ఉప్పునీళ్ళతో కడుగుతా ఉండండి. పందెం మాట మాత్రం మరిచిపో."

ఉరుకుందమ్మ రోజూ కడిగేది. చీము తగ్గింది, వేడి తగ్గింది. ఖాదర్‌లింగ గిట్ట పట్టుకుని కూర్చునేవాడు. అతను వంగితే చాలు, నేరేడు కళ్ళు మూసుకుని మూతి బిగబట్టేది. అది అతను చూసేవాడు. చూసి కూడా కూర్చునేవాడు, అదొక్కటే అతనిలో నాకు నచ్చింది.

ఒక మధ్యాహ్నం కడుగుతుంటే గుడ్డ పుండు లోపలికి తగిలింది. నేరేడు ఒక్క గుంజుతో కాలు లాక్కుంది. బేసిను బోర్లాపడి ఉరుకుందమ్మ చీరంతా తడిసింది. ఖాదర్‌లింగ లేచాడు. గుర్రం తల పక్కకు తిప్పి, కళ్ళు మూసి, దెబ్బ కోసం నిలబడింది.

అతను రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. అది కళ్ళు తెరిచేదాకా అలాగే ఉన్నాడు.

తర్వాత పచ్చజొన్న చొప్ప తెచ్చి దాని ముందు వేశాడు. ఉరుకుందమ్మ తడి చీరతోనే పోయి జొన్నరొట్టెలు, ఉల్లికారం తెచ్చింది. మొగుడూ పెళ్ళాం పాకలోనే చొప్ప పక్కన కూర్చున్నారు. నేరేడు కాసేపు వాళ్ళను చూసి, తల దించి ఒక పరక అందుకుంది. ముగ్గురూ తిన్నారు.